తప్పుల చీర కట్టిన ముసుగు వీరుడు

ఆ రోజుల్లో మా ధర్మవరం మగ్గాల వీధిలో కోపం లేని మగవాడు ఒక్కడూ ఉండేవాడు కాదు. కాకపోతే ఆ కోపాన్ని ఎక్కడ చూపించాలో ఎవరికీ తెలిసేది కాదు. షావుకారు మీద వచ్చిన కోపం మగ్గం మీదికి, మగ్గం మీది కోపం పెండ్లాం మీదికి, ఆమె కోపం పొయ్యిలోని కట్టెల మీదికి పోయి అక్కడ పొగై ఆరిపోయేది. పద్దెనిమిదేళ్ల వయసులో, వీధి మొత్తం మీద నేనొక్కడినే నా కోపాన్ని సరైన చోట వాడబోతున్నానని అనుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా కోపం వస్తోంది. షావుకారు మీద, ఆ ముసుగు సినిమాలు తీసినవాళ్ల మీద, అందరికంటే ఎక్కువగా నా మీద. మీకు నవ్వొస్తే మొహమాటం లేకుండా నవ్వండి. నాకు నవ్వు రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

మా నాయన నా చిన్నప్పుడే పోయాడు. అక్క, బావ నన్ను పెంచారు. ఇంట్లో ఉన్నది ఒకే ఒక పెద్ద గది, అందులో సగం గుంత మగ్గానిది. ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని పొద్దున కూర్చుంటే బావ మళ్లీ అన్నానికే లేచేవాడు. నేను పక్కన కూర్చుని జరీ అందించడం, తెగిన పోగు అతకడం, మధ్యాహ్నం ఆయన నడుము వాల్చినప్పుడు కాసేపు నేయడం చేసేవాడిని. బావ మెత్తటి మనిషి. చిన్నప్పుడు ఎడ్లబండి మీంచి పడి ఎడమ మోచెయ్యి కాస్త వంకర తిరిగింది. అందువల్ల పేక పోగును బిగించే ఆయన దెబ్బ ఒకవైపు గట్టిగా పడేది. ఆయన నేసిన చీరకు ఒకపక్క అంచు రాయిలా బిగుసుకుని, వేలితో తడిమితే సన్నగా అలలు తగిలేవి. చూసే కంటికి ఏమీ కనబడదు. కట్టుకున్నవాళ్లకు జన్మలో తెలియదు. కానీ షావుకారు బొటనవేలికి తెలుసు.

షావుకారు ఇంటి ముందు ఎత్తైన అరుగు ఉండేది. నేత పూర్తయిన చీరను మడిచి తీసుకెళ్లి, ఆ అరుగు కింద చెప్పులు విడిచి నిలబడాలి. ఆయన నుదుటికీ చేతులకూ గంధం పూసుకుని చాప మీద కూర్చునేవాడు (అందుకే మేము చాటుగా గంధం షావుకారు అనుకునేవాళ్లం. ఆ వాసన ఇప్పటికీ నాకు పడదు). చీర విప్పించి, ఎండకు పట్టించి, బొటనవేలి గోటిని అంచు పొడుగునా నడిపించుకుంటూ పోయేవాడు. గోరు ఆగిందంటే తప్పు దొరికినట్టు. దొరికిన తప్పును వీధి చివరిదాకా వినబడేలా చెప్పేవాడు. ఎదురుగా నిలబడ్డవాడి ముఖం మాత్రం ఒక్కసారి కూడా చూసేవాడు కాదు. చూడాల్సిన పని లేదు. అంచు తడిమితే చాలు, ఇది ఫలానావాడి చెయ్యి అని చెప్పేసేవాడు. మా ఊళ్లో అదేమంత వింత కాదు. మా అక్క కూడా చెప్పగలదు, నేనూ చెప్పగలను. మనిషికి ముఖం ఉన్నట్టే చేతికీ ఒక ముఖం ఉంటుంది, అది గుడ్డలో కనబడుతుంది. ఈ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలిసినవాడు చేయకూడని పనిని నేను చేశాను.

ఒకసారి బావ వంగపండు రంగు చీర నేశాడు. ఆకుపచ్చ అంచు. దాని మీద రెండు వారాలకు పైగా కూర్చున్నాడు. ఇద్దరం తీసుకెళ్లి అరుగు కింద నిలబడ్డాం. గోరు మూరెడు దూరం పోయి ఆగింది.

“ఏందప్పా ఇది? అంచా, ఏటిగట్టా? ఒకపక్క రాయి, ఒకపక్క బూడిద!”

“చెయ్యి కొంచెం వంకర సామీ. మీకు తెల్సు గదా,” అన్నాడు బావ.

“చెయ్యి సరిగా లేనోనివి మగ్గంలో ఎందుక్కూర్చున్నావు? ఈ చీర నా అంగట్లో పెడితే నన్ను జూసి నవ్వుతారు. తీసకపోయి నీ పెండ్లానికి కట్టు, పో!”

అని చీరను విసిరేశాడు. అది బావ రొమ్ముకు తగిలి మట్టిలో పడింది. బావ వంగి, ఎత్తి, దుమ్ము దులిపి, మడత పెట్టి, కళ్లకద్దుకుని “వస్తా సామీ” అన్నాడు. ఆ ‘వస్తా సామీ’ నా ఒళ్లు కాల్చేసింది. దారిలో అడిగాను: “బావా, ఒక్క మాటన్నా తిరిగి అనేదానికి నోరు రాలేదా నీకు?”

“ఏమనాలబ్బీ? పడుగు ఆయనది, పట్టు ఆయనది, జరీ ఆయనది. నాదంటూ ఉండేది ఒక చెయ్యి. అది కూడా వంకరే గదా,” అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకింకా మండింది.

అక్క నవ్వలేదు. “ఆ మాట పడిన చీరను నా ఒంటిమీద పడనీను,” అని ట్రంకుపెట్టె అడుగున పడేసింది. ఆ రాత్రి బావకు అన్నం వడ్డించి ఎదురుగా కూర్చోకుండా గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ ఇంట్లో అంతకుమించిన కోపం చూపించే పద్ధతి లేదు.

ఇక్కడే సినిమా వచ్చి నా నెత్తిన కూర్చుంది. మా మేనత్త హిందూపురంలో ఉండేది. ఆమెను చూసివస్తానని చెప్పి నెలకోసారి రైలెక్కేవాడిని. అత్తను చూడటం ఒక గంట, మ్యాట్నీ మూడు గంటలు. హిందీ కత్తియుద్ధాల సినిమాలు, మన జానపదాలు, ఏదైనా సరే, అందులో ఒక ముసుగువాడు ఉంటే చాలు. నేల టికెట్టు కొని తెర కిందే కూర్చునేవాడిని. ఒకసారి పక్కన బెల్లం మండీలో మూటలు మోసే మనిషి ఒకాయన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. తెర మీద హీరో కళ్లకు గుడ్డపీలిక కట్టుకుని సొంత తల్లి ఎదురుగా నిలబడ్డాడు. ఆమె “ఎవరు నాయనా నువ్వు?” అనే అర్థం వచ్చే ముక్కేదో హిందీలో అడిగింది. మూటల మనిషికి కోపం వచ్చేసింది.

“ఏమప్పా ఇది! పీలికంత గుడ్డ కట్టుకుంటే కన్నతల్లికి కొడుకు తెలీడా? ఆ గొంతు తెలీదా, ఆ నడక తెలీదా? దుడ్లిచ్చి లోపలికొచ్చి ఇదేం కర్మప్పా మనకు!”

“నోరు మూసుకొని చూడన్నా,” అన్నాను నేను, నా దేవుణ్ణి తిట్టినంత కోపంగా. ఆ సినిమాహాలులో తెలివైనవాడు ఆయనొక్కడే. ఆయన పేరు కూడా అడగలేదు నేను.

ఆ సినిమాల్లో హీరో ఎప్పుడూ ఇద్దరు మనుషులుగా బతికేవాడు. మామూలు వేళల్లో పిరికి సన్నాసిలా అందరి చేతా తిట్లు తింటాడు. ముసుగు తగిలించగానే వంద మందిని కొడతాడు. వంద మంది కూడా మర్యాదగా ఒక్కొక్కరే వస్తారు, ఒకడు పడేదాకా మిగతావాళ్లు కత్తులు పట్టుకుని కాలు మార్చి కాలు మీద నిలబడి ఉంటారు. విలన్ చేతికి చిక్కిన హీరోను వెంటనే చంపకుండా తన దుర్మార్గమంతా కూర్చోబెట్టి వివరిస్తాడు. హీరో ఎంత ఎత్తు నుంచి దూకినా వీపు మీది వస్త్రం రెపరెపలాడుతుంది గానీ ఏ ముళ్లకంపకూ తగులుకోదు. అన్నిటికంటే పెద్ద నియమం, తానెవరో ఎవరికీ చెప్పకూడదు. చెబితే తనవాళ్లకు ముప్పు. ప్రేమించిన పిల్ల “నువ్వు పిరికివాడివి” అని మొహాన ఊసినా నోరు విప్పకూడదు. ఆ మౌనం చూసి హాల్లో నేను ఏడ్చేవాడిని. దొంగవెధవలు, మౌనంగా ఉండటం గొప్ప అని నేర్పారు గానీ ఎప్పుడు మౌనంగా ఉండకూడదో ఒక్క రీలులోనూ చెప్పలేదు.

కాబట్టి మొదట నేను పిరికివాడిగా పేరు తెచ్చుకోవాలనుకున్నాను. పిల్లి కనబడితే “అమ్మో” అని మగ్గం గుంతలో పడ్డాను. పక్కింటి కోడి తరిమితే వీధంతా చూసేలా పరుగెత్తాను. నెల తిరక్కుండా వీధిలో ఆడపిల్లలు కూడా నన్ను చూసి “మియావ్” అనేవాళ్లు. నా నటన అంత బాగా కుదిరినందుకు పొంగిపోయాను (అందులో నటన ఎంతో, నిజం ఎంతో ఇప్పుడు లెక్క తేల్చను). తరువాత పాత గొడుగు గుడ్డ కత్తిరించి కళ్లకు చిల్లులు పెట్టి ముసుగు కుట్టాను. వీపు మీద వేలాడే వస్త్రం కావాలి కదా. పెట్టె అడుగున వంగపండు చీర ఉంది. ఏ చీరతో షావుకారు బావను కొట్టాడో అదే చీర భుజాన వేసుకుని వాడి గర్వం అణచాలి. ఈ ఆలోచన వచ్చినప్పుడు నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను. పట్టుచీరను కత్తెరతో మధ్యకు కోశాను. నేతగాడి ఇంట్లో పుట్టి ఆ పని చేసిన చెయ్యి వణకలేదు, చూడండి.

షావుకారు నెలకోసారి రైల్లో పెనుకొండకు వెళ్లి, స్టేషన్ దగ్గర జట్కా ఎక్కి గుడికి పోయేవాడు. దారిలో ఒకచోట కూలిన కోటగోడ బాటకు ఆనుకుని ఉంటుంది. ఆ రోజు బావ ఏదో చుట్టాల పని మీద గోరంట్లకు వెళ్లాడు. నేను హిందూపురం అత్త పేరు చెప్పి తెల్లవారుజాము బండికే పెనుకొండలో దిగి, గోడ ఎక్కి, ముసుగు తగిలించి, చీర ముక్కను చంకల కిందుగా తిప్పి రొమ్ము మీద ముడి వేశాను. నేతగాడి ముడి, లాగేకొద్దీ బిగుస్తుంది. ఎండ ఎక్కింది. గొర్రెలు కాచే ముసలమ్మ ఒకామె కిందనుంచి నన్ను కాసేపు చూసి, గొర్రెలను వేరే వైపు తోలుకుపోయింది.

జట్కా వచ్చింది. దూకాను. దూకిన మాట నిజమే, కింద పడిన మాట మాత్రం నిజం కాదు. గోడ పగుల్లో మొలిచిన రేగుకంపకు వీపు మీది చీర తగులుకుంది. మామూలు గుడ్డయితే చిరిగి నేను కాలో చెయ్యో విరగ్గొట్టుకునేవాడిని. అది మా బావ నేసిన పట్టు. చిరగలేదు. గాలిలో గుండ్రంగా ఒకసారి తిరిగి, సరిగ్గా షావుకారు ముఖానికి ఎదురుగా, మూడడుగుల దూరంలో వేలాడుతూ ఆగిపోయాను. జట్కా సాయిబు పగ్గాలు లాగాడు. గుర్రం నన్నొకసారి వాసన చూసి మేత కాదని తెలుసుకుని తల తిప్పుకుంది.

“ఏమప్పా, నాటకమా? యాడ ఆడతాండారు? మాకు చెప్పనే లేదే,” అన్నాడు సాయిబు, నిజంగానే బాధపడుతూ.

ఎలా ఉన్నా డైలాగు చెప్పాలి. నెల రోజులు వల్లెవేసింది. వేలాడుతూనే చెయ్యి చాచాను. “ఓరీ దురాత్మా! నేతగాళ్ల కన్నీళ్లు తాగి బలిసిన రాక్షసుడా! నేటితో నీ పాపం పండింది! ఈ క్షణమే నీ... ఈ క్షణమే నీ...” తర్వాత ముక్క రాలేదు. ముసుగు పక్కకు జరిగి ఒక కన్ను మూసుకుపోయింది. మిగిలిన కంటితో షావుకారును చూశాను. ఆయన భయపడతాడని, జట్కాలోనే మోకరిల్లుతాడని ఎంతగానో ఎదురుచూశాను. ఆయన నావైపు చూడనే లేదు. చెయ్యి చాచి నా రొమ్ము మీద బిగుసుకున్న చీర అంచు పట్టుకున్నాడు. బొటనవేలి గోటితో గీశాడు. గోరు ఆగింది.

“ఇది వంకర చెయ్యోని చీర గదా,” అన్నాడు.

ముప్పై ఏళ్లుగా ఆ మనిషి మనుషులను చూడలేదు, గుడ్డలనే చూశాడు. అలాంటివాడి ముందుకు నేను ముఖం దాచుకుని, గుడ్డ కప్పుకుని వెళ్లాను. సాయిబు జాలిపడి జట్కా నొగ మీదికెక్కి నన్ను కిందికి దించాడు. ముడి ఊడకపోతే చొక్కా విప్పినట్టు చీరను నెత్తిమీదుగా లాగి పారేసి, గుడిసెల సందులోంచి పరుగెత్తాను. వెనకనుంచి సాయిబు గొంతు వినబడింది: “చెప్పుల జోడు మరిసిపోతాండావప్పా!”

మరుసటి రోజు పొద్దున షావుకారు మా ఇంటికొచ్చాడు. ఎన్నడూ మా వీధిలో అడుగు పెట్టని మనిషి. వెనక గుమాస్తా, ఇంకొకడు. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. ఆయన మడిచి తెచ్చిన చీర ముక్కను బావ ముందు పట్టాడు.

“ఇది ఎవర్ది?”

బావ గుంతలోంచి పైకొచ్చాడు. గోరంట్ల నుంచి పొద్దునే దిగాడు, ఏమీ తెలియదు. ముక్కను చేతిలోకి తీసుకుని అంచు తడిమాడు. కోసిన చోట చూశాడు. తరువాత నన్ను చూశాడు. రెప్పపాటు కాలం. అంతే. “నాదే సామీ. నేసింది నేను,” అన్నాడు.

“పెనుకొండలో నా మీదికి దూకింది నువ్వేనా?”

బావ కాదు అనలేదు, ఔను అనలేదు. షావుకారు గుమాస్తాకు సైగ చేశాడు. వాడు కత్తితో పడుగు కోసేశాడు. బిగించిన వేల పోగులు ఒక్కసారిగా సడలిపోతే వచ్చే శబ్దం చిన్నదే. కానీ మా వీధిలో ఆ శబ్దం విన్నవాళ్లెవరూ ఇంట్లో కూర్చోలేరు. చావుకు వచ్చినట్టు గుమ్మాల ముందు వచ్చి నిలబడ్డారు. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నేను మూలన నిలబడే ఉన్నాను. ‘దూకింది నేను’ అనే రెండు మాటలు చాలు. సినిమాలో హీరో తనవాళ్లకు ముప్పు రాకూడదని నోరు మూసుకుంటాడు. నా కళ్ల ముందు ముప్పు వచ్చి కత్తి పట్టుకుని నిలబడితే కూడా నేను ఆ నియమాన్నే తలుచుకున్నాను. ‘ఇంకా సమయం రాలేదు’ అనుకున్నాను. భయమన్నది అసలు కారణం. పెట్టుకున్న పేరు ముసుగు వీరుడు, చేసిన పని ఇది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మూలన నిలబడ్డవాణ్ణి మెడపట్టి ముందుకు తోయాలనిపిస్తుంది.

బావకు ఊళ్లో ఇంకెవరూ పడుగు ఇవ్వలేదు. ఒక షావుకారు కోసిన మగ్గానికి ఇంకొకరు ఇవ్వరు, అది వాళ్లలో వాళ్లకున్న కట్టు. అక్క ఇంకొకరి ఇంట్లో పట్టుపోగు కండెలకు చుట్టడానికి పోయేది. ఒక పూట సంగటి, ఒక పూట నీళ్లు. ఇదంతా నేను ఊహించగలిగిందే. ఊహించనిది ఇంకొకటి జరిగింది. వీధి మొత్తం బావను వేరే కళ్లతో చూడటం మొదలుపెట్టింది. టీ అంగడిలో ఆయన వెళితే బెంచీ మీద జరిగి చోటిచ్చేవాళ్లు. ముసలి నేతగాళ్లు సాయంత్రం మా ఇంటికొచ్చి కూర్చునేవాళ్లు. “ఏమబ్బా, షావుకారు మొగం మీదే అడిగేస్తివంటనే! మా కండ్లు సల్లబడినాయప్పా,” అనేవాళ్లు. బావ తల వంచుకుని చిన్నగా నవ్వేవాడు. ఆ నవ్వు పాత నవ్వు కాదు. అక్క మళ్లీ ఆయనకు ఎదురుగా కూర్చుని వడ్డించసాగింది, వడ్డించడానికి ఏమీ లేకపోయినా. చీర కోసినందుకు ఒక్క మాట అనలేదు. పైగా ఒకరోజు పక్కింటామెతో, “మా ఆయన మెతక అనుకుంటిరి గదా అందరూ,” అనడం విన్నాను.

నాకు నిద్ర పట్టేది కాదు. అక్క చేతులు చూసి బాధ కలిగేది, నిజమే. కానీ దాని కింద ఇంకొకటి ఉండేది. దాన్ని రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడటం లేదు. అసూయ. దూకింది నేను, వేలాడింది నేను, ముళ్లు దిగింది నా వీపులో. పేరు ఆయనది! నన్ను చూసి మాత్రం ఇంకా “మియావ్” అంటున్నారు. తెర మీద ఆ హీరోలు ఇదెలా భరించారో నాకు అర్థం కాలేదు. కాబట్టి మూడు వారాల తరువాత నేను షావుకారు అరుగు ముందుకు వెళ్లి నిలబడినప్పుడు, నన్ను నడిపించింది సగం పశ్చాత్తాపం, సగం ఈ రోత.

“సామీ, పెనుకొండలో దూకింది మా బావ కాదు. నేను.”

షావుకారు చేతిలోని చీర మీంచి తల ఎత్తలేదు. “ఎవురు నువ్వు?” అన్నాడు. నాలుగేళ్లుగా ప్రతి చీరతోపాటు ఆయన ముందు నిలబడ్డాను.

“పిల్లిని జూసి మగ్గం గుంతలో పడింది వీడే సామీ,” అన్నాడు గుమాస్తా. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు.

“బావను కాపాడేదానికి వచ్చినావా? పోరా, పో,” అన్నాడు షావుకారు.

“నేనే సామీ! ఒట్టు! నిజంగా నేనే!” అని బతిమాలాను. విలన్ కాళ్లావేళ్లా పడి ‘నేనే హీరోను, నమ్మండి’ అని వేడుకునే సినిమా ఎక్కడైనా ఉందా? నా బతుకులో వచ్చింది.

“అట్లయితే ఆ పొద్దు నువ్వేమంటివో చెప్పు. ఎత్తు మీంచి చెప్పాల, ఊరికే కాదు.”

ఖాళీ ఎద్దులబండి ఒకటి ఉంటే అది ఎక్కించారు. వీధంతా పోగైంది. కోపంతో, సిగ్గుతో నా చెవులు కాలిపోతున్నాయి. చెయ్యి చాచి మొదలుపెట్టాను. “ఓరీ దురాత్మా! నేతగాళ్ల కన్నీళ్లు తాగి బలిసిన రాక్షసుడా! నేటితో నీ పాపం పండింది! ఈ క్షణమే నీ...” మళ్లీ అక్కడే మరిచిపోయాను. దేవుడి సాక్షిగా, కావాలని కాదు.

షావుకారు తల ఎత్తాడు. మొట్టమొదటిసారి నా ముఖం చూశాడు. “వీడే! ‘ఈ క్షణమే నీ’ అని ఈడనే ఆగిపాయె! వీడే!” అని తొడ చరిచి నవ్వాడు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. గుమాస్తా నవ్వాడు. అరుగు కింద మావాళ్లూ నవ్వారు. నవ్వు ఆగాక షావుకారు కళ్లు తుడుచుకుని అన్నాడు: “పో, మీ బావను వచ్చి పడుగు తీసకపొమ్మను. వానికింత ధైర్యం యాడొచ్చిందా అని నేనూ అనుకుంటానే ఉండా.”

ఆ మాటలోని విషం నాకు అప్పుడు తెలియలేదు. పరుగెత్తుకుంటూ ఇంటికెళ్లి చెప్పాను. బావ లేచి వెళ్లి పడుగు తెచ్చుకున్నాడు. టీ అంగడి ముందునుంచే వెళ్లాలి. ఎవరో “మియావ్” అన్నారు. ఈసారి అది నన్ను కాదు.

సాయంత్రం ఆయన గుంతలో కూర్చుని కొత్త పడుగును ఒక్కొక్క పోగూ అతుకుతున్నాడు. నేను పక్కన కూర్చుని పోగులు అందిస్తూ, “పని మళ్లా వచ్చె గదా బావా,” అన్నాను, శభాష్ అంటాడేమోనని.

“ఎవురు చెప్పమన్న్యారు నిన్ను?” అన్నాడు.

ఆ గొంతు అంతకుముందు ఎప్పుడూ వినలేదు. అక్క పొయ్యి దగ్గరనుంచి తిరిగి చూసింది.

“తినేదానికి లేదు గదా బావా. అక్క ఆడ ఈడ పోయి...”

“ఒక పూట తింటాంటిమి గదరా. సచ్చిపోతిమా?” చేతిలో పోగు తెగింది. ఆయన దాన్ని అతకలేదు. “నా బతుకులో ఒక్కసారి ఈ వీధిలో తలకాయ ఎత్తుకొని నడిస్తి. మీ అక్క నా మొగం జూసి నవ్వె. అది నేను చేసింది కాదని నాకు తెలీదా అబ్బీ? తెల్సు. ఇంకొన్ని దినాలు ఉండనిచ్చింటే, నిజ్జంగానే చేసేటోడినేమో.”

తరువాత తెగిన పోగు వెతుక్కుని అతుక్కున్నాడు. ఆ చీర పూర్తయ్యాక ఇద్దరం అరుగు కిందికి వెళ్లాం. గోరు ఆగింది. షావుకారు తిట్టాడు. బావ చేతులు కట్టుకుని నిలబడి, “వస్తా సామీ” అన్నాడు. ఈసారి ఆ మాట అనిపించింది నేను.

ఒకసారి నోరు మూసుకుని ఆయన మగ్గం పోగొట్టాను, ఒకసారి నోరు తెరిచి ఆయన పేరు పోగొట్టాను. రెండింటిలో ఏది పెద్ద తప్పో తేల్చుకోలేక, నాకు చేతనైన పని ఒకటి మొదలుపెట్టాను. పెళ్లిళ్లలో, రైళ్లలో, టీ అంగళ్లలో ఎవరు దొరికినా, పెనుకొండలో షావుకారును ఎదిరించింది మా బావేనని చెప్పడం. మొదట్లో నవ్వేవాళ్లు. షావుకారు పోయాడు, గుమాస్తా పోయాడు, బండి చుట్టూ నిలబడి నవ్వినవాళ్లు ఒక్కొక్కరే పోయారు. చివరికి బావా పోయాడు. చెప్పేవాణ్ణి నేను మిగిలాను. ఈమధ్య ధర్మవరం వెళితే, టీ అంగడిలో ఒక కుర్రవాడు, నేసే కుర్రవాడే, నన్నడిగాడు: “తాతా, మీ బావంట గదా, కోటగోడ మీంచి దూకి గుర్రాన్నే నిలబెట్టెనంట?”

“ఔనప్పా, ఆయనే,” అన్నాను. “రెండు మనుషుల ఎత్తు మీంచి దూకె. నేను కండ్లారా జూసినా.”

“షావుకారు ఏం జేసె?”

“ఏం జేస్తాడు? తలెత్తి ఆయన మొగం జూసె.”

కుర్రవాడు ఇంకో టీ చెప్పాడు నాకు. ఇలా చెప్పే ప్రతిసారీ పద్దెనిమిదేళ్ల ముసుగువాడొకడు లోపలినుంచి ‘దూకింది నేను గదా’ అని గొణుగుతాడు. వాడి మీద ఇప్పుడు కోపం కాస్త తగ్గింది. ఊరుకో నాయనా అని వాడికి నచ్చజెప్పి, నవ్వుకుంటూ టీ తాగాను. మీరు కూడా ధర్మవరం వెళితే, ఇక్కడ చదివింది అక్కడ అనకండి.